ఎలుగుబంటి జీనోమ్‌లో పునరావృత డీఎన్‌ఏను అధ్యయనం చేయడం ఎలా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కాలం వచ్చేసరికి అమలాపురం నుంచి, భీమవరం నుంచి, కాకినాడ నుంచి నాకు ఏటా దాదాపు ఒకే ప్రశ్న అందుతుంది. "ఎలుగుబంటి డీఎన్‌ఏ మీద పని చేయాలని ఉంది. మన డెల్టాలో ఎలుగులు లేవు, మా కళాశాలలో సీక్వెన్సింగ్ యంత్రం లేదు. ఈ పని మావల్ల అవుతుందా?" తప్పకుండా అవుతుంది. గోదావరి కొండలు దిగక ముందు పాపికొండల అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన మనకు మిగిలినవి కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. అయినా ఈ పనికి అడవి అవసరం లేదు. ఎలుగుబంటి జాతుల డీఎన్‌ఏ సమాచారం అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది, దాన్ని విశ్లేషించే సాధనాలూ ఉచితమే. మామూలు ల్యాప్‌టాప్, ఓపిక ఉంటే మూడు నాలుగు వారాల్లో చెప్పుకోదగ్గ పని చేయవచ్చు.

జీవి మొత్తం డీఎన్‌ఏను జీనోమ్ అంటాం, అందులో పదేపదే వచ్చే ముక్కలే పునరావృత డీఎన్‌ఏ. అసలు చిక్కు పని మొదలుపెట్టడంలో కాదు, వచ్చిన అంకెను నమ్మడంలో వస్తుంది. "ఈ జీనోమ్‌లో ఇంత శాతం పునరావృత డీఎన్‌ఏ" అని సాధనం చూపించే అంకెలో మూడు విషయాలు కలిసి ఉంటాయి: జంతువులో నిజంగా ఉన్నది, జీనోమ్‌ను కూర్చిన పద్ధతి పట్టుకోగలిగినది, మీరు వాడిన గ్రంథాలయం (తెలిసిన పునరావృతాల జాబితా) గుర్తుపట్టగలిగినది. ఈ మూడింటినీ విడదీసి చూడటం నేర్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నమూనాల గురించి ముందుగా ఒక హెచ్చరిక

మన అడవుల్లోని ఎలుగుబంటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు. అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటీస్ ఒప్పందంలోనూ మొదటి అనుబంధంలో ఉంది. ఒకప్పుడు ఎలుగును ఆడించేవాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు పిల్లల మొలతాడుకు కట్టమని వెంట్రుకలు ఇచ్చేవారని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. అలాంటి తాయెత్తు ఇంట్లో ఉంది కదా, దాన్నుంచి డీఎన్‌ఏ తీద్దాం అని దయచేసి అనుకోకండి. వెంట్రుక గానీ, గోరు గానీ, తోలు గానీ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే మిమ్మల్ని కేసులో పడేయవచ్చు. అడవిలోకి వెళ్లి ఎలుగు మలం సేకరించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. నిజంగా నమూనాలతోనే పని చేయాల్సి వస్తే మీ విభాగం ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి దరఖాస్తు పెట్టించండి. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన ల్యాకోన్స్ వంటి ప్రయోగశాలతో కలిసి చేయడం మంచి దారి. ఈ వ్యాసంలో చెప్పే దేనికీ నమూనా అక్కరలేదు.

ఏమేం కావాలి?

ఎనిమిది జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది. బరువైన గణనలన్నీ గెలాక్సీ అనే ఉచిత వెబ్ వేదిక మీద జరుగుతాయి. దానిలో ఖాతా తెరవడానికి ఈమెయిల్ ఉంటే చాలు. జీనోమ్‌లు దొరికే చోటు అమెరికాకు చెందిన ఎన్‌సీబీఐ అనే జీవ సమాచార కేంద్రం వెబ్‌సైట్. పునరావృతాలను గుర్తించడానికి రిపీట్‌మాస్కర్, కొత్త కుటుంబాలను వెతకడానికి రిపీట్‌మోడలర్, వరుస పునరావృతాలకు టాండమ్ రిపీట్స్ ఫైండర్, మైక్రోశాటిలైట్లకు మీసా కావాలి. తెలిసిన కుటుంబాల గ్రంథాలయం డీఫామ్ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. పాత వ్యాసాల్లో కనిపించే రెప్‌బేస్ 2019 నుంచి చందా కట్టేవారికే దొరుకుతోంది కాబట్టి దాని కోసం సమయం వృథా చేసుకోవద్దు. వీటన్నిటితో పాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ రోజు, ఏ ఫైలు మీద, ఏ సాధనం ఏ వెర్షన్‌ను, ఏ అమరికతో నడిపారో అందులో రాయండి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెబుతాను. మొదటి రకం పునరావృతాలు వెదజల్లినట్లు ఉంటాయి. మన కాలువల్లో గుర్రపుడెక్క ఒక్క మొక్క నుంచి పిలకలు వేసి, ప్రవాహంతో పోయి, లాకుల దగ్గర, తూముల దగ్గర తేలినట్లే, ఈ మూలకాలు ఉన్నచోటు నుంచి జీనోమ్‌లో వేరే చోట్లకు వ్యాపించి అతుక్కుంటాయి. లైన్, సైన్, ఎల్‌టీఆర్, డీఎన్‌ఏ ట్రాన్స్‌పోజాన్లు అనే నాలుగు వర్గాలూ ఈ రకానివే, వీటన్నిటినీ కలిపి ట్రాన్స్‌పోజాన్లు అంటాం. రెండో రకం ఉప్పాడ చీర అంచులో ఒకే బుటా పక్కపక్కనే పడినట్లు వరుసగా ఉంటాయి. ఒకటి నుంచి ఆరు అక్షరాల ముక్క వరుసగా వస్తే మైక్రోశాటిలైట్ అంటాం. పొడవైన ముక్క వేలసార్లు వస్తే శాటిలైట్ అంటాం, ఇవి ఎక్కువగా కణవిభజనలో క్రోమోజోమ్‌ను పట్టి లాగే చోట్లయిన సెంట్రోమియర్ల దగ్గర ఉంటాయి.

1. జీనోమ్‌ను ఎంచుకోండి

ఎన్‌సీబీఐ జీనోమ్ విభాగంలో జాతి శాస్త్రీయ నామంతో వెతకండి. మన ఎలుగుబంటి పేరు మెలర్సస్ అర్సినస్. దొరికిన ప్రతి అసెంబ్లీకి, అంటే యంత్రం చదివిన రీడ్లు అనే డీఎన్‌ఏ ముక్కలను కలిపి కూర్చిన జీనోమ్‌కు, నాలుగు విషయాలు రాసుకోండి: క్రోమోజోమ్ స్థాయిదా లేక ముక్కల స్థాయిదా, పొడవైన రీడ్లతో కూర్చినదా లేక పొట్టి రీడ్లతోనా, జంతువు ఆడదా మగదా, మొత్తం పొడవెంత. పొడవైన రీడ్లతో క్రోమోజోమ్ స్థాయిలో కూర్చినది ఉంటే దాన్నే తీసుకోండి. మీ జాతికి అలాంటిది లేకపోతే గోధుమ ఎలుగు, ధ్రువపు ఎలుగు, జెయింట్ పాండా వంటి ఎలుగు కుటుంబపు మరో జాతితో సాధన చేసి, మీ జాతికి 8వ దశలో చెప్పే రీడ్ల దారిలో వెళ్లండి.

రీడ్ల పొడవు గురించి ఇంత పట్టుదల ఎందుకో జెయింట్ పాండా ఉదాహరణ చెబుతుంది. జింగ్‌జింగ్ అనే ఆడ పాండా జీనోమ్ 2010లో నేచర్ పత్రికలో అచ్చయింది. పూర్తిగా పొట్టి రీడ్లతో కూర్చిన తొలి పెద్ద జీనోమ్‌లలో అదొకటి. రీడ్ల సగటు పొడవు 52 అక్షరాలే. జీనోమ్ మొత్తం 240 కోట్ల అక్షరాలని అంచనా కాగా, కూర్చగలిగింది 225 కోట్లు. ట్రాన్స్‌పోజాన్ల నుంచి వచ్చిన భాగం సుమారు 36 శాతమని తేల్చారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కూర్చలేక వదిలేసిన ఆ 15 కోట్లలో ఎక్కువగా ఏముంటుంది? ఒకేలా ఉన్న ముక్కలను పొట్టి రీడ్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేవు కాబట్టి అక్కడ పోయేది ముఖ్యంగా పునరావృతాలే. అంటే మనం వెతుకుతున్న వస్తువే ముందుగా జారిపోయింది. పైగా ఆడ జంతువు కాబట్టి పునరావృతాలతో నిండిన వై క్రోమోజోమ్ అందులో అసలే లేదు.

2. ఫైలును చెడకుండా తెచ్చుకోండి

ఎలుగుబంటి జీనోమ్ సుమారు 230 కోట్ల అక్షరాలు ఉంటుంది. కుదించిన ఫైలు ముప్పావు జీబీకి అటూ ఇటూ వస్తుంది. గెలాక్సీలో ఎన్‌సీబీఐ లింకును అతికిస్తే సర్వరే నేరుగా తెచ్చుకుంటుంది, మీ డేటా ఖర్చు కాదు. లంక గ్రామాల్లో ఉండి సెల్‌ఫోన్ ఇంటర్నెట్‌తో నెట్టుకొచ్చే విద్యార్థులకు ఇదే దారి అని గట్టిగా చెబుతాను.

సొంత ల్యాప్‌టాప్‌లోకే దించుకోవాలనుకుంటే ఫైలు పూర్తిగా, చెడకుండా వచ్చిందో లేదో తెలిపే ఎండీ5 సంకేతాన్ని, ఎన్‌సీబీఐ అదే ఫోల్డర్‌లో ఇచ్చేదాన్ని, తప్పనిసరిగా సరిచూడండి. రాజోలు దగ్గర ఒక ఊళ్లో నా విద్యార్థిని ఒకరు గాలివాన రోజున ఫైలు దించుకుంటుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఫోల్డర్‌లో ఫైలు కనిపించింది, సాధనం దాన్ని తీసుకుంది, ఫలితమూ వచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఇద్దరం వాళ్ల వరండాలో కూర్చుని ఫలితాల ఫైలులో క్రోమోజోమ్ పేర్లను పైనుంచి కిందికి వేలితో చూసుకుంటూ వెళ్లాం. చివర ఉండాల్సిన ఎక్స్ లేదు. దానికి ముందుదీ సగంలోనే ఆగిపోయి ఉంది. ఎక్స్ క్రోమోజోమ్‌లో లైన్ మూలకాలు సాధారణంగా ఎక్కువ కాబట్టి ఆమె లెక్కలో లైన్ వాటా తగ్గి కనిపించింది, దాన్ని ఆ జాతి లక్షణమని ఆమె అప్పటికే రాసేసింది. సంకేతం సరిచూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

3. ఫైలు లోపల చూడండి

ఏ సాధనమూ నడపక ముందు ఈ మూడు లెక్కలు తీయండి: మొత్తం అక్షరాలెన్ని, అందులో తెలియని చోట్లను సూచించే 'ఎన్' అక్షరాలెన్ని, చిన్నబడి అక్షరాలెన్ని. ఎన్‌సీబీఐ ఇచ్చే చాలా ఫైళ్లలో పునరావృతాలను ముందే చిన్నబడి అక్షరాలుగా మార్చి ఉంచుతారు. చాలామంది ఆ శాతాన్నే తమ ఫలితంగా రాసేస్తున్నారు. అది చాలా సందర్భాల్లో విండోమాస్కర్ అనే సాధనం కేవలం ముక్కలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి వేసిన గుర్తు. ఏ కుటుంబానికి చెందిందో దానికి తెలియదు. మీ ఫలితం పక్కన పెట్టి పోల్చి చూడటానికి పనికొస్తుంది, ఫలితంగా పనికిరాదు.

క్రోమోజోమ్ స్థాయి అసెంబ్లీ అయితే ఇంకొక పరీక్ష చేయండి. వెన్నెముక ఉన్న జంతువుల క్రోమోజోమ్ కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల ముక్క వరుసగా వస్తుంది. క్రమం చివర అది, మొదట దాని విలోమ రూపమైన సీసీసీటీఏఏ కనిపిస్తే ఆ కొస వరకు కూర్చగలిగారని అర్థం. ఎన్ని కొసలకు ఉందో లెక్కపెట్టి రాసుకోండి.

4. ముందుగా ఒక్క క్రోమోజోమ్ మీద రిపీట్‌మాస్కర్ నడపండి

మొత్తం జీనోమ్‌ను ఒకేసారి ఇవ్వకండి. ఒక చిన్న క్రోమోజోమ్‌ను వేరుచేసి దాని మీద అమరికలన్నీ సరిచూసుకున్నాక పెద్ద పనికి వెళ్లండి. గెలాక్సీలో రిపీట్‌మాస్కర్ తెరిచి, గ్రంథాలయంగా డీఫామ్, జీవవర్గంగా కార్నివోరా, అంటే మాంసాహార క్షీరదాల వర్గం, ఎంచుకోండి. మనం ఇప్పపూలు, చెదపురుగులు తినే జంతువు గురించి మాట్లాడుతున్నా వర్గీకరణలో ఎలుగులు ఆ వర్గానివే. అలైన్‌మెంట్లను, అంటే ప్రతి మూలకాన్నీ దాని మూల రూపం పక్కన అక్షరం అక్షరం పేర్చి చూపే వరుసలను, కూడా ఇవ్వమనే అమరికను ఆన్ చేయండి, 7వ దశలో అవి కావాలి.

నాకు వచ్చే ఫలితాల్లో తరచుగా కనిపించే తప్పు ఇక్కడే జరుగుతుంది. జీవవర్గం చెప్పకుండా వదిలేస్తే రిపీట్‌మాస్కర్ మనిషి గ్రంథాలయాన్ని తీసుకుంటుంది. అప్పుడు ఎలుగుబంటి జాతికి దగ్గరగా ఉన్న సైన్ కుటుంబాలు దానికి కనిపించవు. అన్ని క్షీరదాల్లో ఉండే పాత లైన్-2, మిర్ వంటివి మాత్రం కనిపిస్తాయి కాబట్టి ఫలితం ఖాళీగా రాదు, తప్పు జరిగిందన్న అనుమానమూ రాదు.

5. ఫలితాలను చదవండి

రెండు ఫైళ్లు ముఖ్యం. డాట్ టీబీఎల్ ఫైలు సారాంశం. డాట్ అవుట్ ఫైలులో ఒక్కో గుర్తింపుకు ఒక్కో వరుస ఉంటుంది. మొదట స్కోరు, తర్వాత మూల రూపంతో పోలిస్తే ఎంత శాతం మారిందో, ఎంత పోయిందో, ఎంత చేరిందో, ఆపై స్థానం, దిశ, మూలకం పేరు, వర్గం, చివరగా ఒక గుర్తింపు సంఖ్య.

సారాంశం చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఏయే పేర్లున్నాయన్నది. ఎలుగుల్లో సైన్‌సీ అనే మాంసాహారుల ప్రత్యేక కుటుంబం పెద్ద సంఖ్యలో కనిపించాలి. లైసీన్ టీఆర్‌ఎన్‌ఏ నుంచి పుట్టిన ఈ కుటుంబం కుక్కలో, పిల్లిలో, సీల్‌లో కూడా ఉంది. లైన్-1 వాటా అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి. అలు అనే పేరు వందల్లో కనిపిస్తే వెంటనే ఆపండి. అలు మూలకాలు కోతి జాతులకే, మనకే పరిమితం. అది కనిపించిందంటే జీవవర్గం తప్పుగా పెట్టారు, లేదా అసెంబ్లీలో మనిషి డీఎన్‌ఏ కలిసింది. బీ1, బీ2 అనేవి ఎలుకల జాతివి, వాటికీ ఇదే సూత్రం.

రెండోది, శాతం లెక్కలో భాగహారం. మామూలు అమరికలో రిపీట్‌మాస్కర్ 'ఎన్' అక్షరాలను కూడా మొత్తంలో కలిపి భాగిస్తుంది. ఉదాహరణకు అసెంబ్లీ 240 కోట్లు, అందులో 'ఎన్' 10 కోట్లు, గుర్తించినది 92 కోట్లు అనుకుందాం. 240తో భాగిస్తే 38.3 శాతం, 230తో భాగిస్తే 40 శాతం వస్తుంది. ఒక జాతికి ఒక విధంగా, మరో జాతికి మరో విధంగా లెక్కించి తేడా ఉందని రాస్తే అది రెండు జాతుల మధ్య తేడా కాదు. 'ఎన్'లను తీసివేసి లెక్కించే అమరిక ఉంది, దాన్ని వాడండి లేదా మీరే చేతితో లెక్కించండి.

మూడోది, సంఖ్య. డాట్ అవుట్‌లో వరుసలను లెక్కపెట్టి "ఇన్ని ప్రతులు" అని రాయకండి. పాత మూలకం మధ్యలో కొత్తది దూరితే పాతది రెండు మూడు వరుసలుగా కనిపిస్తుంది, కానీ వాటి గుర్తింపు సంఖ్య ఒకటే. ఒకే సంఖ్య ఉన్న వరుసలను ఒక్కటిగా లెక్కించండి. వరుస చివర నక్షత్రం గుర్తు ఉంటే అక్కడ అంతకంటే మంచి స్కోరుతో ఇంకో గుర్తింపు కొంతమేర దాని మీదికి వచ్చిందని అర్థం, దాన్ని విడిగా చూడండి.

6. గ్రంథాలయంలో లేని కుటుంబాలను వెతకండి

డీఫామ్‌కు తెలియని, ఆ జాతికే ప్రత్యేకమైన కుటుంబాలుంటే రిపీట్‌మోడలర్ పట్టుకుంటుంది. దీనికి మొత్తం జీనోమ్ ఇవ్వాలి. గెలాక్సీలో రోజు దాటి పట్టవచ్చు, కాబట్టి శుక్రవారం సాయంత్రం పెట్టి సోమవారం చూసుకోండి. ల్యాప్‌టాప్ ఆపేసినా పని ఆగదు.

వచ్చిన కుటుంబాల్లో కొన్ని 'తెలియనివి' అనే ముద్రతో ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్లు కొత్త పునరావృతాలని ప్రకటించవద్దు. క్షీరదాల్లో వాసన గ్రాహక జన్యువులు వందల సంఖ్యలో ఒకదానికొకటి పోలి ఉంటాయి. రిపీట్‌మోడలర్ వాటిని కూడా పునరావృత కుటుంబంగా చూపించగలదు. ఎలుగుబంటి లాంటి వాసన మీద బతికే జంతువులో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ప్రతి తెలియని కుటుంబాన్నీ బ్లాస్ట్‌ఎక్స్‌తో ప్రోటీన్ల నిధిలో వెతికి, ట్రాన్స్‌పోజాన్‌కు సంబంధం లేని మామూలు జన్యువుతో కలిస్తే తీసేయండి. మైటోకాండ్రియా క్రమంతో కలిసేవాటినీ తీసేయండి. మిగిలినవాటిని డీఫామ్ మాంసాహారుల గ్రంథాలయంతో కలిపి ఒకే ఫైలు చేసి, రిపీట్‌మాస్కర్‌ను మళ్లీ నడపండి. సమయం లేనివారు ఈ దశను వదిలేయవచ్చు, కానీ వదిలేశామని రాయాలి. డీఫామ్ ఒక్కదానితో వచ్చిన అంకెను, డీఫామ్, రిపీట్‌మోడలర్ కలిపి వచ్చిన మరొకరి అంకెతో పోల్చకూడదు.

7. వయసు పటం గీయండి

ప్రతి మూలకం తన మూల రూపం నుంచి ఎంత మారిందో కొలిచి, కిముర దూరంగా అడ్డ గీత మీద, జీనోమ్‌లో వాటాను నిలువు గీత మీద వేస్తే వయసు పటం వస్తుంది. ఎడమవైపు ఉన్నవి ఇటీవల చేరినవి, కుడివైపువి పాతవి. అలైన్‌మెంట్ ఫైలు నుంచి దీన్ని తయారుచేసే చిన్న ప్రోగ్రాములు రిపీట్‌మాస్కర్‌తో పాటే వస్తాయి.

పటం ఎడమ కొస బోసిగా ఉంటే "ఈ జాతిలో ఇటీవల ట్రాన్స్‌పోజాన్లు ఆగిపోయాయి" అని రాయడానికి తొందరపడకండి. కొత్తగా చేరిన ప్రతులు ఒకదానికొకటి దాదాపు అచ్చుగుద్దినట్లు ఉంటాయి, పొట్టి రీడ్ల అసెంబ్లీలో మొదట ముడుచుకుపోయేవి అవే. అదే జాతికి పొడవైన రీడ్ల అసెంబ్లీ ఉంటే దానితోనూ పటం గీసి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. లేకపోతే దగ్గరి జాతిదైనా పెట్టండి.

8. వరుస పునరావృతాలు, మైక్రోశాటిలైట్లు

టాండమ్ రిపీట్స్ ఫైండర్‌కు 2, 7, 7, 80, 10, 50 అనే అంకెల అమరిక చాలాకాలంగా వాడుకలో ఉంది. చివర గరిష్ఠ ముక్క పొడవును శాటిలైట్ల కోసమైతే 2000కు పెంచండి. మీసాలో మామూలు అమరిక ఏకాక్షరానికి 10, ద్వ్యక్షరానికి 6, మిగిలినవాటికి 5 పునరావృత్తులు. ఏ అమరికైనా ఫరవాలేదు, పోల్చే జాతులన్నిటికీ అదే ఉండాలి.

ఇక్కడ పేర్ల లెక్క చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఏసీ, సీఏ, జీటీ, టీజీ నాలుగూ ఒకటే పునరావృతం. మొదలెక్కడ పెట్టామన్నదీ, ఏ పోగు చదివామన్నదీ తప్ప తేడా లేదు. అలాగే జీఏటీఏ అన్నా, ఏజీఏటీ అన్నా, రెండో పోగులో టీఏటీసీ అన్నా ఒకే కుటుంబం. నాలుగక్షరాల ఈ ఒక్కదానికి ఎనిమిది రాతలున్నాయి. వాటిని ఒకే వరుసలో కలపకుండా పట్టిక వేస్తే అది చదవడానికి పనికిరాదు. జీఏటీఏ పేరు చెప్పినప్పుడు మనవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. పట్టీల కట్లపాము డీఎన్‌ఏలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గమనించిన శాటిలైట్‌లో నిండి ఉన్నది ముఖ్యంగా ఈ ముక్కే. 1980లలో హైదరాబాద్ సీసీఎంబీలో ఆయన బృందం దాన్నుంచే వచ్చిన బీకేఎం ప్రోబ్ అనే సాధనంతో దేశీయ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తయారుచేసింది. ల్యాకోన్స్ ప్రయోగశాల వెనుకా ఆయన కృషే ఉంది.

ఎలుగులను ఒక్కొక్కటిగా గుర్తించే మార్కర్లుగా మైక్రోశాటిలైట్లను ఎంచుకోవడం మీ లక్ష్యమైతే, మూడు లేదా నాలుగు అక్షరాల ముక్కలకు ప్రాధాన్యం ఇవ్వండి, వాటి ఫలితం చదవడం తేలిక. మలంలోని డీఎన్‌ఏ తునకలై ఉంటుంది కాబట్టి ప్రైమర్ల (ఆ చోటును పట్టి నకళ్లు తీయడానికి ఇరువైపులా అతికించే చిన్న డీఎన్‌ఏ ముక్కల) మధ్య దూరం 200 అక్షరాలు దాటకుండా చూడండి. ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. సైన్‌సీ మూలకం తోకలో సీటీ పునరావృతం, దాని తర్వాత ఏ అక్షరాల వరుస సహజంగానే ఉంటాయి. మీసా వాటిని మంచి మైక్రోశాటిలైట్లుగా చూపిస్తుంది. అలాంటి చోట ప్రైమర్ వేస్తే జీనోమ్‌లో లెక్కలేనన్ని చోట్ల అతుక్కుంటుంది, జెల్ మీద గీతకు బదులు పొగ పరచుకున్నట్లు కనిపిస్తుంది. అందుకే మీసా జాబితాను రిపీట్‌మాస్కర్ జాబితాతో సరిపోల్చి, ఇరువైపులా 150 అక్షరాల లోపు సైన్ ఉన్న ప్రతిదాన్నీ కొట్టేయండి.

అసెంబ్లీ లేని జాతికి రీడ్లే ఆధారం. ఎన్‌సీబీఐలోని ముడి రీడ్ల నిధి నుంచి కొద్ది భాగం తీసుకుని రిపీట్‌ఎక్స్‌ప్లోరర్‌కు ఇవ్వండి, అదీ గెలాక్సీ రూపంలోనే దొరుకుతుంది. జీనోమ్‌లో పదో వంతు కవరేజీ చాలు. 230 కోట్లలో పదో వంతు 23 కోట్ల అక్షరాలు. ఒక్కో రీడ్ 150 అక్షరాలైతే 15 లక్షల పైచిలుకు రీడ్లు కావాలి, అంటే 7 లక్షల 70 వేల జతలు. ఫైలు మొదటి భాగాన్ని కోసుకోకుండా యాదృచ్ఛికంగా ఎంచుకోండి. రీడ్ల కొసల్లో మిగిలిన అడాప్టర్లను, మైటోకాండ్రియా రీడ్లను ముందుగా తొలగించండి. ఒక్కో కణంలో మైటోకాండ్రియా ప్రతులు వందల్లో ఉంటాయి కాబట్టి వదిలేస్తే అవే పెద్ద 'శాటిలైట్'గా పైకి తేలతాయి. మలం నుంచి వచ్చిన రీడ్లయితే బాక్టీరియాతో పాటు ఆ ఎలుగు తిన్న చెదపురుగులు, పండ్ల డీఎన్‌ఏ కూడా ఉంటుంది. వాటిని ఈ పనికి వాడవద్దు.

9. ఫలితాన్ని పరీక్షించండి

పై దశలన్నిటికంటే దీనికి ఎక్కువ రోజులు కేటాయించమని కోరుతున్నాను.

తెలిసిన జవాబుతో మొదలుపెట్టండి. కుక్క జీనోమ్ 2005 నుంచి అందుబాటులో ఉంది, దాని రిపీట్‌మాస్కర్ గుర్తులు యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్‌లో ఉన్నాయి. అందులో ఒక చిన్న క్రోమోజోమ్‌ను మీ అమరికలతోనే నడిపి, మీ అంకె వాళ్ల అంకెకు దగ్గరగా వచ్చిందా చూడండి. గ్రంథాలయం తేడా వల్ల కొద్దిగా మారవచ్చు. సైన్ వాటా సగానికి పడిపోతే మాత్రం అమరిక తప్పు.

తర్వాత ఎలుగు క్రోమోజోమ్‌లోని అక్షరాలను కలగాపులగం చేసి, అదే సాధనానికి ఇవ్వండి. లైన్, సైన్ దాదాపు శూన్యం కావాలి. వందల్లో వస్తుంటే మీ గ్రంథాలయంలో నాసిరకం కుటుంబాలు చేరాయి, 6వ దశకు తిరిగి వెళ్లండి.

డాట్ అవుట్ నుంచి యాదృచ్ఛికంగా 30 వరుసలు తీసి, ఆ క్రమాలను డీఫామ్ వెబ్‌సైట్‌లో ఒక్కొక్కటిగా కళ్లతో సరిచూడండి. రెండు గంటల పని. నా దగ్గరికి వచ్చే విద్యార్థులందరితో ఇది కాగితం మీద చేయిస్తాను, ఎందుకంటే వరుసలు చదివిన తర్వాతే వాళ్లకు శాతం వెనుక ఏముందో తెలుస్తుంది.

ముడుచుకుపోయిన పునరావృతాలను పట్టుకోవడానికి రీడ్లను అసెంబ్లీ మీద పరిచి లోతు, అంటే ఒక్కో చోట ఎన్ని రీడ్లు పడ్డాయో, చూడండి. సగటు లోతు 30 ఉన్న జీనోమ్‌లో ఒకచోట 900 కనిపిస్తే, అక్కడ చూపించిన ఒక్క ప్రతి వెనుక దాదాపు 30 ప్రతులు దాగి ఉన్నాయి. అలాంటి చోట్ల జాబితా మీ నివేదికలో ఉంటే శాతం అంకె ఎంత తక్కువ చూపిస్తోందో చదివేవారికి అర్థమవుతుంది.

మైక్రోశాటిలైట్ల కోసం ఇంకో పరీక్ష: 1994లో పాయెట్కౌ, స్ట్రోబెక్ అమెరికా నల్ల ఎలుగుల కోసం ప్రకటించిన మార్కర్ల ప్రైమర్లను మీ అసెంబ్లీలో వెతకండి. అవి ఇతర ఎలుగు జాతుల్లోనూ వాడుకలోకి వచ్చాయి. ప్రైమర్ల జత ఒక్కచోటే అతుక్కుని, మధ్యలో ఏసీ పునరావృతం ఉండి, అది మీ మీసా జాబితాలోనూ కనిపిస్తే మీ వెతుకులాట సరైన దారిలో ఉంది.

10. జాతులను పోల్చేటప్పుడు

గోధుమ ఎలుగు, ధ్రువపు ఎలుగు, మన ఎలుగుబంటి వంటి ఆరు జాతులకు 74 క్రోమోజోములు, కళ్లజోడు ఎలుగుకు 52, జెయింట్ పాండాకు 42. పాండా క్రోమోజోములు చాలావరకు చిన్నవి కలిసి ఏర్పడినవి. కలిసిన చోట్ల మధ్యలో టీటీఏజీజీజీ అవశేషాలు, పాత సెంట్రోమియర్ శాటిలైట్ల జాడలు ఉన్నాయా అని వెతకడం ఎమ్మెస్సీ స్థాయికి చక్కని ప్రశ్న. దానికి క్రోమోజోమ్ స్థాయి అసెంబ్లీలే తీసుకోండి. వాటా శాతాలు పోల్చాలంటే రెండు జాతుల అసెంబ్లీలూ ఒకే తరహా రీడ్లతో కూర్చినవై ఉండాలి, ఒకే గ్రంథాలయం, ఒకే వెర్షన్ వాడాలి, ఆడ జంతువును ఆడదానితోనే పోల్చాలి. ఇవి కుదరకపోతే శాతాల పోలిక మానేసి, ఏయే కుటుంబాలు ఉన్నాయి, ఏవి లేవు అన్నంత వరకే రాయండి.

నివేదికలో ప్రతి పట్టిక కింద అసెంబ్లీ అక్సెషన్ సంఖ్య, సాధనం వెర్షన్, డీఫామ్ వెర్షన్, నడిపిన తేదీ రాయండి. గెలాక్సీలో మీ హిస్టరీని పంచుకునే లింకు తీసి జతచేస్తే పరీక్షకులు ప్రతి దశనూ తెరిచి చూడగలరు. ఎక్కడైనా ఆగిపోయి నాకు రాసేటప్పుడు ఫలితం శాతం ఒక్కటే పంపకండి. డాట్ టీబీఎల్ ఫైలు, డాట్ అవుట్ మొదటి వంద వరుసలు, ఎండీ5 సరిచూసిన ఫలితం, ఈ మూడూ కలిపి పంపండి.